షో అడగాలా, పత్తాలు పడేయాలా?

చేతిలో ఎనిమిదుల జత, పక్కన ఒక జాకీ. అయిదుగురిలో ముగ్గురు ప్యాక్ అయిపోయారు. మిగిలిన ఒక్కడు ముక్కలు చూసి ఆడుతున్నాడు, చివరి చాల్ నలభై వేశాడు. నడుమ నాలుగు వందలున్నాయి. మనం ఇంకో నలభై పెడితే షో. చిన్నకోడూరులోనైనా, అదే మండలంలో రంగనాయకసాగర్ కట్ట ఉన్న చంద్లాపూర్‌లోనైనా, దీపావళి రాత్రి తీన్‌పత్తా పడిన ప్రతి అరుగు మీదా ఈ ఘడియ వచ్చి తీరుతుంది. ట్రయల్ పడ్డవాడికి ఆలోచనే అక్కర్లేదు. ఏమీ పడనివాడికి అంతకన్నా అక్కర్లేదు. తిప్పలన్నీ నడిమి ముక్కలవాడివే.

ఎదుటివాడు ఉత్త బెదిరింపుకు ఆడుతుంటేనే ఈ జత గెలుస్తుంది. వాడి దగ్గర నిజంగా సరుకుంటే మనవి ఎనిమిదులైనా, రెండ్లైనా ఒకటే. పోకర్ ఆడేవాళ్లు ఇలాంటి ముక్కలకు 'బ్లఫ్ క్యాచర్' అని పేరు పెట్టుకున్నారు. వీటితో డబ్బు కట్టి చూడాలా, వదిలెయ్యాలా అన్న ప్రశ్న మీద జూదరులు, గణితవేత్తలు, కంప్యూటర్ శాస్త్రవేత్తలు వందేళ్లుగా తలా ఒక మాట చెప్పారు. ఒకరి మాటకు మరొకరి మాట పొసగదు. అందరూ ఒకే బల్ల గురించి మాట్లాడుతున్నారని మనం అనుకోవడం అందుకు సగం కారణం. బల్ల మారితే షో ధర మారుతుంది. ధర మారితే అవే ముక్కలకు, అదే మనిషి మీద, జవాబు కూడా తిరగబడుతుంది.

ముందు మన ఆట లెక్క చూద్దాం. యాభై రెండు ముక్కల్లోంచి మూడు పంచితే 22,100 రకాలుగా పడతాయి. అందులో ట్రయల్ 52, ప్యూర్ సీక్వెన్స్ 48, మామూలు సీక్వెన్స్ 720, కలర్ 1,096, జత 3,744. ఇవన్నీ కలిపినా 5,660 దాటవు. మిగిలిన 16,440 ఉత్త పెద్దముక్క చేతులే. అంటే నాలుగింట మూడు సార్లు ఎవరికీ ఏమీ పడదు. ఇంకొంచెం లోపలికి వెళ్తే, రాజు-తొమ్మిది-ఎనిమిది, దానికన్నా చిన్నవి అన్నీ లెక్కబెడితే 11,040 వస్తాయి, సరిగ్గా సగానికి పది తక్కువ. కాబట్టి రాజూ పదీ పడ్డవాడు నడిగీత దాటినట్టే. ఆసు పెద్దగా ఉన్న చేయి, జత లేకపోయినా, నూటికి యాభై ఏడు చేతులను కొడుతుంది. మన ఎనిమిదుల జతయితే నూటికి ఎనభై రెండింటిని.

ఈ ఎనభై రెండు చూసే చాలామంది మునుగుతారు. అది ముక్కలు ఎత్తి చూడని మనిషి మీద లెక్క. ముక్కలు చూసి, ముగ్గురిని లేపి, ఇంకా చాల్ వేస్తున్నవాడి చేతిలో ఉన్నవి గంపలోంచి తీసిన ఏవో మూడు ముక్కలు కావు. పనికిరానివి ఉంటే వాడు ఎప్పుడో పడేసేవాడు. కాబట్టి షో ఘడియకు మన జత బలం ఎనభై రెండు నుంచి ఎక్కడికో జారిపోయి ఉంటుంది. ఎక్కడికి జారిందో ముక్కలు చెప్పవు, మనిషిని బట్టి మనమే అంచనా వేసుకోవాలి.

అయితే తీన్‌పత్తాలో ఒక వెసులుబాటుంది. నడుమ 400, షోకు 40. పెట్టిన నలభైతో కలిపి వచ్చేది 440. పదకొండు సార్లు షో అడిగి ఒక్కసారి గెలిచినా అసలుకు మోసం రాదు. ఎదుటివాడు పదకొండింట ఒక్కసారైనా ఉత్తచేత్తో ఆడతాడా? మన ఊళ్లలో తాగి కూర్చున్నవాడైనా, పట్టుదలకు పోయేవాడైనా అంతకన్నా ఎక్కువే ఆడతాడు. 'ఇంతదాకా వచ్చినంక షో అడిగితే పోయేదేముంది' అని పాత ఆటగాళ్లు అనేది పిరికివాడికి ధైర్యం నూరిపోయడానికి అన్నట్టు వినిపిస్తుంది గానీ, లెక్క కూడా వాళ్ల వైపే ఉంది.

ఈ చవకకు కారణం ఆట నియమమే. ముందువాడు వేసినదానికి రెట్టింపు దాటి వేయకూడదన్నది మామూలు నియమం. మొదటి నుంచీ ఇద్దరూ చూసి ఆడుతూ, ఇద్దరూ రెచ్చిపోయి ప్రతిసారీ రెట్టింపు చేసుకుంటూ పోయినా, పది, ఇరవై, నలభై, ఎనభై కలిసి నూట యాభై అవుతుంది, మొదట అందరూ వేసే బూట్ పైన వేరు. చివరి చాల్ ఎంత ఉన్నా నడుమ ఉన్నది దానికి రెండింతలకు పెద్దగా తగ్గదు. అంటే షో ధర మూడింట ఒక వంతు గెలుపును మించి అడగదు, సాధారణంగా అందులో సగం కూడా అడగదు. నియమం గాలికొదిలి 'నో లిమిట్' అని కూర్చునే బల్లల మీద ఈ మాట చెల్లదని వేరే చెప్పక్కర్లేదు.

చవక షో వెనక రెండు మెలికలున్నాయి. ముక్కలు సరిసమానంగా ఉంటే షో అడిగినవాడే ఓడతాడు. ఎదుటివాడు ముక్కలు చూడకుండా బ్లైండులో ఉండగా, చూసినవాడికి షో అడిగే హక్కు లేదన్నది చాలా బల్లల కట్టుబాటు. వాడు పది వేస్తే మనం ఇరవై వేస్తూ పోవాలి, లేదా పడేయాలి. నడిమి ముక్కలకు ఇంతకన్నా ఇరకాటం ఉండదు. ఎనభై రెండు లెక్క సరిగ్గా పనికొచ్చేదీ ఇక్కడే, ఎందుకంటే వాడు నిజంగానే చూడలేదు. ఎనిమిదుల జత ఉన్నవాడు రెట్టింపు ధరకైనా నిలబడాలి. రాణి పెద్దగా ఉన్నవాడు నిలబడకూడదు.

ముగ్గురు, నలుగురు మిగిలినప్పుడు జతకు సరైన వాడకం సైడ్ షో. ముందు ఆడినవాడూ చూసినవాడే అయితే ఇద్దరూ చాటుగా ముక్కలు చూసుకుంటారు, చిన్నది ఉన్నవాడు ప్యాక్. అవతలివాడు కాదనవచ్చు కూడా. కాదంటే అదీ ఒక కబురే. పోకర్‌లో ఇలాంటి కిటికీ లేదు. సైడ్ షోను మనవాళ్లు సరదాకు, ఎక్కిరింతకు వాడుకుంటారు. నన్నడిగితే తీన్‌పత్తాలో నేర్పు అనేది ఏదైనా ఉంటే అది ఇక్కడుంది.

షో చవకే, దాని ముందు వేసిన చాల్‌లే ఖరీదు. నలభై పెట్టి షో అడిగి ఓడినవాడు ఆ నలభైకే ఏడుస్తాడు. అంతకు ముందు నాలుగు చుట్లలో పెట్టిన నూట యాభై మాట ఎత్తడు. నడిమి ముక్కలతో రెండో చాల్ దగ్గరే తేల్చుకోవలసినదాన్ని అయిదో చాల్ దాకా లాగడం మన బల్లల మీద కనిపించే అసలు రోగం. షో అడగడం తప్పా ఒప్పా అని ఆట అయ్యాక వాదించుకునేవాళ్లలో ఎక్కువమంది ఆ రెండో చుట్టును గుర్తు కూడా పెట్టుకోరు.

గణితవేత్తలు ఈ ప్రశ్నను పట్టుకున్నది వేరే దారిలో. జాన్ వాన్ నాయ్‌మన్ 1928లో ఆటల సిద్ధాంతానికి పునాది వేశాడు. 1944లో మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి రాసిన పుస్తకంలో పోకర్‌కు ఒక భాగమే ఇచ్చాడు. బెదిరింపు మనిషి స్వభావంలోని వంకర కాదు, లెక్క ప్రకారం ఆడితే అదే తప్పనిసరిగా పుడుతుందని అందులో తేల్చాడు. కానీ మన ప్రశ్నకు అద్దం పట్టిన నమూనా 1950లో హెరాల్డ్ కూన్ తయారుచేసింది. దాన్ని అరుగు మీద కూర్చుని కూడా ఆడుకోవచ్చు.

పేకలోంచి మూడే ముక్కలు తీయండి, రాజు, రాణి, జాకీ. ఇద్దరు తలా ఒక రూపాయి నడుమ పెట్టి తలా ఒక ముక్క తీసుకుంటారు. మొదటివాడు ఇంకో రూపాయి వేశాడనుకోండి. రెండోవాడి చేతిలో రాజుంటే చూస్తాడు, జాకీ ఉంటే పడేస్తాడు. రాణి ఉంటే? మొదటివాడి దగ్గర రాజే ఉంటే ఓటమి, జాకీ పెట్టుకుని బెదిరిస్తుంటే గెలుపు. మన ఎనిమిదుల జతకు ఎముకల గూడు ఈ రాణి. కూన్ ఇచ్చిన జవాబు: మూడు సార్లలో ఒకసారి చూడు, రెండు సార్లు పడేయి. ఏ మూడోసారి అన్నది ఎదుటివాడికి తెలియకూడదు.

మూడో వంతే ఎందుకు? జాకీతో బెదిరించేవాడు ఒక రూపాయి పందెం పెట్టి నడుమనున్న రెండు కొట్టేయాలని చూస్తాడు. మనకు రాజు పడిన సగం సార్లూ వాడు ఎలాగూ దొరికిపోతాడు. రాణి పడిన సగంలో మూడో వంతు చూస్తే, మొత్తం మీద వాడు మూడింట రెండు సార్లు దొరుకుతాడు. అప్పుడు బెదిరించినా, ఊరుకున్నా వాడికి ఒకటే. మనం అంతకన్నా తక్కువ చూస్తే వాడు రోజూ బెదిరిస్తాడు. ఎక్కువ చూస్తే బెదిరింపే మానేసి, రాజు పడినప్పుడే రూపాయి వేస్తాడు.

ఇందులోని కొత్తదనం తెలుగు జూదరికి అంత సులువుగా మింగుడు పడదు. సరైన జవాబు 'చూడు' కాదు, 'పడేయి' కాదు, 'కొన్నిసార్లు' అని. మన వాదనలన్నీ ఈ ఒక్క ఆటలో అడగాల్సిందా, వద్దా అని నడుస్తాయి. కూన్ లెక్కలో ఒక్క ఆటకు జవాబు లేదు.

ఇక హోల్డెమ్ పోకర్. తలా రెండు ముక్కలు, నడుమ అందరికీ అయిదు ముక్కలు. నో లిమిట్‌లో ఎప్పుడు కావాలంటే అప్పుడు ముందున్నదంతా తోసేయొచ్చు. షో ధర మీద పైకప్పు ఇక్కడ ఎగిరిపోతుంది. నడుమ 400 ఉండగా ఎదుటివాడు 400 వేస్తే, మనం 400 పెట్టి 1,200 కోసం ఆడతాం. మూడింట ఒకసారి గెలవాలి. వాడు 1,200 వేస్తే నూటికి దాదాపు 43 సార్లు గెలవాలి. పదకొండింట ఒకటి ఎక్కడ, నూటికి 43 ఎక్కడ. అవతలివైపు నుంచి చూస్తే, నడుమ ఉన్నంత పందెం వేసినవాడిని ఉత్తచేత్తో లాభపడనీయకుండా ఆపాలంటే మన చేతుల్లో సగం నిలబడాలి, సగమంత పందెమైతే మూడింట రెండు వంతులు. పోకర్ పాఠాలు చెప్పేవాళ్లు ఈ లెక్కను సూత్రంలా వల్లె వేయిస్తారు.

చరిత్రలో నిలిచిన చేతులు రెండు వైపులా ఉన్నాయి. 2003 ప్రపంచ పోకర్ పోటీ, లాస్ వేగాస్, 839 మంది ఆటగాళ్లు. చివరికి మిగిలినవాళ్లు అనుభవం పండిన సామీ ఫర్హా, చిన్న ఆన్‌లైన్ పోటీ గెలిచి వచ్చిన అకౌంటెంట్ క్రిస్ మనీమేకర్. బల్ల మీద తొమ్మిది, రెండు, ఆరు, ఎనిమిది, మూడు. ఫర్హా దగ్గర రాణి-తొమ్మిది, అంటే బల్ల మీది పెద్దముక్కతో జత. మనీమేకర్ దగ్గర రాజు-ఏడు. కలర్ రాలేదు, సీక్వెన్స్ రాలేదు. ఉన్నదంతా తోసేశాడు. ఎదుటివాడికి కలర్ తప్పిందేమోనని ఫర్హా పైకే అన్నాడు, చాలాసేపు ఆలోచించాడు, పడేశాడు. మనీమేకర్ 25 లక్షల డాలర్లతో ఇంటికి వెళ్లాడు. ఆ ఆట టీవీలో చూసినవాళ్లు ప్రపంచమంతా పోకర్ మీద పడ్డారు. ఒక నడిమి జత పడేయడం వల్ల ఒక పరిశ్రమే లేచిందని చెప్పుకుంటారు. అందులో కొంత అతిశయం ఉన్నా, కొట్టిపారేయడానికి లేదు.

మరోవైపు స్టూ ఉంగర్. 1990 ప్రపంచ విజేత మన్సూర్ మత్లూబీతో ఇద్దరే ఆడుతున్న ఆటలో బల్ల మీద రెండు మూళ్లు, ఏడు, రాజు, రాణి. ఉంగర్ దగ్గర పది-తొమ్మిది, అంటే తన ముక్కలతో జత కూడా లేదు. మత్లూబీ ఉన్నదంతా తోశాడు. ఉంగర్ కాసేపు చూసి డబ్బు కట్టాడు. మత్లూబీ దగ్గర నాలుగు-అయిదు! జూదరులు ఇప్పటికీ ఈ కథను దేవుడి కథలా చెబుతారు. నాకు ఇందులో దైవం కన్నా లెక్కే ఎక్కువ కనిపిస్తుంది. ఎదుటివాడి ముక్కలు సీక్వెన్స్ కోసం ఆగినవని పోల్చుకున్నాక పది పెద్దదైనా చాలు. కాకపోతే ఆ పోల్చుకోవడం అందరికీ చేతకాదు. ఉంగర్‌లాగా ఆడబోయి ఇల్లు గుల్ల చేసుకున్నవాళ్ల కథలు ఎవరూ చెప్పరు.

2022 సెప్టెంబరులో లాస్ ఏంజెలెస్‌లో ప్రత్యక్ష ప్రసారమైన ఒక ఆటలో రాబీ జేడ్ లూ జాకీ-నాలుగుతో, జత లేకుండా, గారెట్ అడెల్‌స్టీన్ తోసిన పందేన్ని కట్టింది. నడుమ 2,69,000 డాలర్లు. ఆ క్షణాన పైచేయి ఆమెదే. ఆ ముక్కలతో ఎవరూ కట్టరు, కాబట్టి మోసమే జరిగి ఉండాలని దుమారం లేచింది. నిర్వాహకులు జరిపించిన విచారణలో మోసానికి ఆధారం దొరకలేదు. పడేస్తే పిరికివాడంటారు, కట్టి ఓడితే తెలివితక్కువవాడంటారు, కట్టి గెలిస్తే దొంగంటారు. నడిమి ముక్కల బతుకు అంతే.

యంత్రాలు రంగంలోకి దిగాక వాదన మరో మలుపు తిరిగింది. ఇద్దరే ఆడే, పందెం మీద పరిమితి ఉండే హోల్డెమ్‌ను ఆల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో 'సెఫియస్' అనే ప్రోగ్రాంతో దాదాపు పూర్తిగా ఛేదించారు. మన తీన్‌పత్తాకు స్వభావంలో దగ్గరైన పోకర్ అదే, అక్కడా షో చవకే. 2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ వాళ్ల 'లిబ్రాటస్' నో లిమిట్‌లో నలుగురు పేరున్న ఆటగాళ్లను 1,20,000 చేతుల పోటీలో చిత్తు చేసింది. దాని ఆటలో మనుషులను ఎక్కువ వేధించిన వాటిలో ఒకటి, నడుమ ఉన్నదానికి ఎన్నో రెట్లు పందెం వేసి నడిమి ముక్కలవాడిని నిలబెట్టి ఉడికించడం. షో ధర పెంచితే మనిషి ఎంత తడబడతాడో యంత్రం చూపించింది.

ఇప్పటి సాఫ్ట్‌వేర్లు మరో సంగతి నేర్పాయి. బెదిరింపులను మాత్రమే కొట్టగల ముక్కలన్నీ బలంలో ఒకటే కాబట్టి, వాటిలో ఏది ఉంచుకోవాలన్నది చేతిలోని ముక్క ఎదుటివాడి దగ్గర ఏముండకుండా అడ్డుపడుతుందో చూసి తేల్చాలి. బల్ల మీద మూడు ఇస్పేట్లుండి, మన దగ్గర ఇస్పేటు ఆసు ఉంటే, వాడికి ఆసుతో కలర్ పడే అవకాశమే లేదు. ఈ చూపు నిజంగా కొత్తది, పాత జూదరులు దీన్ని ఇంత స్పష్టంగా ఎప్పుడూ చెప్పలేదు.

కానీ సాఫ్ట్‌వేర్ల మాటను చిన్న బల్లల మీదికి అలాగే మోసుకురావడం దగ్గర నాకు పేచీ ఉంది. సగం చేతులు నిలబడాలనే సూత్రం, ఎదుటివాడు బెదిరించాల్సినంత బెదిరిస్తాడని నమ్మి కట్టింది. చిన్న డబ్బుకు ఆడే మనుషులు చివరి పెద్ద పందెం దగ్గర అంత బెదిరించరని పోకర్ నేర్పేవాళ్లే ఒప్పుకుంటారు. నెలజీతంలో సగం తోసేటప్పుడు చేతిలో ఏమీ లేకుండా తోయగల గుండె ఎందరికుంటుంది? మనీమేకర్‌ను చూసి అందరూ మనీమేకర్లే అనుకుంటే నష్టం మనకే. చిన్న పందేలకు చూడు, చివర్లో పెద్ద పందెం పడితే నడిమి ముక్కలు పడేయి అన్నది నా లెక్కలో సూత్రం కన్నా మేలైన సలహా. అదే సలహా తీన్‌పత్తా షో దగ్గర పాటిస్తే మాత్రం చవకగా వచ్చేదాన్ని వదులుకున్నట్టే.

ఈ నిర్ణయంలో నేర్పు ఉందా అన్నది మన గడ్డ మీద కోర్టుకు కూడా ఎక్కింది. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద, నిజాం కాలం నాటి హైదరాబాద్ జూద చట్టం కింద నడిచిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పడే ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నేర్పు ఆటేనని సత్యనారాయణ కేసులో న్యాయస్థానం తేల్చింది. తీర్పు 1968 నాటి సంపుటాల్లో ఉంది. ఆ తీర్పే పక్కనే మూడు ముక్కలాటను కేవలం అదృష్టం కింద జమకట్టింది. ఆ తీర్పులో మన ఆటకు దక్కిన చోటు అంతే. 2017లో గుజరాత్ హైకోర్టు పోకర్‌ను కూడా ఆ గాటనే కట్టింది. పశ్చిమ బెంగాల్ 1957 చట్టం మాత్రం బ్రిడ్జి, రమ్మీలతో పాటు పోకర్‌నూ జూదం నుంచి మినహాయించింది.

నా మాట అడిగితే, తీన్‌పత్తా విషయంలో న్యాయమూర్తులు ముప్పాతిక వంతు సరిగ్గానే చెప్పారు. షో చవకైన చోట తప్పు నిర్ణయానికి పడే శిక్ష చిన్నది, నేర్పుకు దక్కే బహుమానమూ చిన్నదే. బ్లైండు, సైడ్ షో దగ్గర మిగిలిన పాతికను వాళ్లు చూడలేదు. పోకర్‌కు ఈ మాట వర్తించదు. ధర నూటికి 43 దాకా ఎగబాకే చోట, చూడాలా వద్దా అన్నదే ఆటంతా. రెంటినీ ఒక గాట కట్టడం సరికాదు.

చట్టానికి ఇప్పుడు ఈ తేడాతో పనిలేదు. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ డబ్బు పెట్టే ఆన్‌లైన్ రమ్మీకి కూడా తలుపులు మూశాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నేర్పా, అదృష్టమా అని అడగదు, డబ్బు పెట్టారా లేదా అని మాత్రమే అడుగుతుంది. దేశంలోని ఆన్‌లైన్ పోకర్ కంపెనీలు దుకాణాలు కట్టేశాయి. జిల్లా పేజీల్లో 'పేకాట స్థావరంపై దాడి' వార్త మాత్రం ఎప్పటిలాగే వస్తుంది, నగదు, సెల్‌ఫోన్లు, ద్విచక్ర వాహనాల లెక్కతో సహా. చట్టబద్ధంగా బల్ల ముందు కూర్చోవాలనుకున్న మనవాళ్లు గోవా వెళ్లి మాండవి నది మీది ఓడలెక్కుతారు. దొంగచాటుగా ఆడేవాళ్లకు విదేశీ సైట్లున్నాయి.

అరుగు మీద నేర్చిన అలవాటు ఖరీదు తేలేది ఆ ఓడల్లో, ఆ సైట్లలో. 'ఇంతదాకా వచ్చినంక చూద్దాం' అనే మాట తీన్‌పత్తాలో నలభై రూపాయల మాట. హోల్డెమ్‌లో అదే మాటకు ముందున్నదంతా తోయాలి. పైగా ప్రతి ఆటలోంచీ నిర్వాహకుడు తన వాటా ముందే తీసుకుంటాడు, కాబట్టి మూడింట ఒకసారి గెలిచినా సరిపోదు, ఇంకొంచెం ఎక్కువ గెలవాలి. చిన్నకోడూరు అరుగు మీద ఎనిమిదుల జతకు షో అడగని వాడిని నేను తప్పుపడతాను. పణజి ఓడలో ఒక అపరిచితుడు నడుమ ఉన్నదానికి మూడింతలు తోసినప్పుడు, అదే జతను పడేసి టీ తాగడానికి లేచినవాడిని ఏమీ అనను.